తెల్ల చుక్క లేని జెముడు

హన్మాండ్లు చేతిలో గొడ్డలి ఎంత చురుకో, నోట్లో నాలుక అంతకు రెండింతలు చురుకు. గొడ్డలి పుణ్యమా అని సౌదీలో అతనికి అన్నం దొరుకుతోంది. నాలుక పుణ్యమా అని ఏం దొరికిందో చెప్పాలంటే ఈ కథంతా చెప్పాలి.

అతను సౌదీకి వచ్చి పందొమ్మిదేళ్ళు. మొదటి పద్దెనిమిదేళ్ళు రియాద్‌లోనూ దమ్మాంలోనూ భవనాల పని చేశాడు. సెంట్రింగ్ చెక్కలు మోసి మోసి నడుము పట్టేసింది. సరిగ్గా అప్పుడే వీసా పూచీ తీసుకునే యజమాని, కొత్త కఫీల్ అబూ నాసర్, "చెట్ల పని వచ్చా?" అని అడిగాడు. వచ్చీ రాని అరబ్బీలో హన్మాండ్లు వెనకా ముందూ చూడకుండా కోతలు కోసేశాడు. "చెట్లా? నేను ముట్టుకుంటే ఎండుకట్టె కూడా చిగురేస్తుంది. సౌదీలో ఏ మొక్కయినా చూపించు, పేరూ ఊరూ చెప్తాను." అబూ నాసర్ కడుపారా నవ్వి, ఆ రోజు నుంచి అతన్ని "యా ముహందిస్" అని పిలవడం మొదలుపెట్టాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నిజానికి మెట్‌పల్లి పక్క పల్లెలో వరి, మక్క, పసుపు తప్ప మన ఇంజనీరు ఎరిగిన పైరు లేదు. పొలం గట్ల మీద తుమ్మ కంప కొట్టడంలో మాత్రం అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

అలా అతను తాయిఫ్ కొండల మీదికి చేరాడు. అబూ నాసర్‌కు తాయిఫ్ ఊళ్ళో రెండు దుకాణాలు, ఊరికి గంట దూరంలో కొండ వాలున తాతలనాటి తోట ఉన్నాయి. తండ్రి పోయాక ఆరేళ్ళుగా ఆ తోట మొహం ఎవరూ చూడలేదు. మెట్లు మెట్లుగా కట్టిన రాతి గట్లు ఎక్కడున్నాయో కనిపించకుండా కంప కమ్మేసింది. దానిమ్మ చెట్లను ముళ్ళ తీగలు మెడ దాకా చుట్టేశాయి. మధ్యలో రెండు గదుల రాతి ఇల్లు, గడ్డం పెరిగిన మొహంలా చిన్న కిటికీలతో బయటికి చూస్తోంది.

ఆ శనివారం పొద్దున అబూ నాసర్ హన్మాండ్లునీ, అతని జతగాడు లింబాద్రినీ తీసుకుని తోటంతా తిరిగాడు. చేతిలో తెల్ల పెయింటు డబ్బా, బ్రష్షు. ఉంచాల్సిన ప్రతి చెట్టు మొదట్లో ఒక తెల్ల చుక్క పెట్టాడు. దానిమ్మలకు పెట్టాడు, అంజీర్లకు పెట్టాడు, పై వరుసలో ఉన్న, సరుగుడులా కనిపించే పెద్ద అర్‌అర్ చెట్లకు పెట్టాడు.

"చుక్క ఉన్నది ఉంటుంది. చుక్క లేనిది ఉండదు. శుక్రవారం మా అమ్మను తీసుకొస్తాను. ఆరేళ్ళ తర్వాత వస్తోంది. ఆమె నచ్చిందని అంటే అక్కడే, అప్పుడే నీ ఛుట్టీ" అని జేబులోంచి ఫోను తీసి, దాని మీద బొటనవేలు ఆడించి చూపించాడు. ఇప్పుడు ఛుట్టీకి కాగితాలూ ముద్రలూ లేవు. కఫీల్ ఫోనులో వేలు నొక్కితే చాలు, రెండు నెలలు ఇంటికి పోయి రావచ్చు.

ఆ వేలి కోసం హన్మాండ్లు ప్రాణం కొట్టుకుంటోంది. కారణం అతని భార్య గౌరవ్వ. పోయిన వారమే ఆమె కత్తెర గుర్తు మీద నూట పన్నెండు ఓట్ల మెజారిటీతో ఊరికి సర్పంచ్ అయింది. శుక్రవారం గడిచి వచ్చే సోమవారమే ప్రమాణం. గెలిచిన రాత్రి ఫోనులో ఆమె చెప్పిన మాటలు అతను కనీసం ఇరవైమందికి చెప్పుకుని ఉంటాడు.

"ఇగో, ఇను. మండలంల గెలిచిన ఆడోళ్ళ పక్కనల్ల మొగుళ్ళు కుర్సీలేసుకొని కూసుంటున్నరు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. నాకట్ల వద్దు. నువ్వు కింద మొదటి లైన్ల కూసోవాలె. నేను సదువుడు అయిపోంగనే చప్పట్లు కొట్టాలె. గంతే నీ డ్యూటీ."

"గంతేనా?"

"గదన్న సక్కగ చెయ్యి. పందొమ్మిదేండ్లల్ల ఏ ఒక్క పండుగ్గన్న నువ్వు టైముకు అచ్చినవా?"

రాలేదు. ఇంటికి స్లాబు వేసింది ఫోనులో చూశాడు. కొడుకు పది పాసై మిఠాయి పంచింది ఫోనులో చూశాడు. ఇంట్లో ఏది జరిగినా అతను గోడకు ఆనించిన ఫోనులోంచి తొంగి చూసే చుట్టమే. ఈ ఒక్కసారైనా మనిషిలా వెళ్ళి కుర్చీలో కూర్చోవాలని అతనికి ఎంత ఆశో మాటల్లో చెప్పడం కష్టం.

అబూ నాసర్ కారు మలుపు తిరగగానే పని మొదలైంది. కంప కొట్టడం ఇద్దరు మనుషుల పని. ఒకడు పంగల కర్రతో కంపను మెడ పట్టినట్టు పట్టి అవతలికి నొక్కి ఉంచాలి, రెండోవాడు మొదట్లో గొడ్డలి వేయాలి. లింబాద్రి పంగల కర్ర పట్టడంలో మొనగాడు. ఆర్మూరు దిక్కువాడు, ముప్ఫై రెండేళ్ళు, దేనికైనా ముందు నవ్వి తర్వాత ఆలోచిస్తాడు.

"అన్నా, గేటు కాడికెల్లి షురూ చేద్దామా?"

హన్మాండ్లు వినడం లేదు. ఇంటి పక్కనే, గోడకు నాలుగడుగుల దూరంలో, నిలువెత్తు నాగజెముడు నలభై అడుగుల పొడవున బారులు తీరి ఉంది. చలికాలం గనుక పూతా లేదు, కాయా లేదు. ఒట్టి ముళ్ళ మట్టలు. దాని మీద ఎక్కడా తెల్ల చుక్క లేదు.

"ఛీ ఛీ, ఇంటికి ఆనుకొని జెముడేందిరా!" అన్నాడు. వాళ్ళ దిక్కున ఇంటి ముందు జెముడు మొలవడమంటే ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదని లెక్క. తిట్టాలనుకున్నవాళ్ళు నీ ఇంట్ల జెముడు మొలువ అని తిడతారు. "ఆరేండ్లకు అస్తున్న ముసలామె కారు దిగంగనే గిదా సూసేది? పాపం గదరా. ముందుగాల దీన్నే లేపేద్దాం. పుణ్యముంటది."

లింబాద్రి తల గోక్కున్నాడు. "అన్నా, గిది సక్కగ లైన్ల ఉన్నది. ఎవలో పెట్టినట్టు కొడుతుంది."

"జెముడును ఎవడన్న పెడుతడారా? ఇంజనీర్ను నేనా, నువ్వా?"

చుక్క ఎందుకు లేదో ఆ క్షణాన ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ సొంత ఇంటి గడప మీద 'ఇది గడప, పీకేయకండి' అని ఎవరు రాసుకుంటారు? జెముడును కూడా కొట్టేసేవాడు ఈ భూమ్మీద ఉంటాడని అబూ నాసర్‌కు కలలో కూడా తోచలేదు. జెముడును పెంచుకునేవాడు ఉంటాడని హన్మాండ్లుకు తోచలేదు. ఆదివారం మధ్యాహ్నానికల్లా నలభై అడుగుల జెముడు నేలమట్టమైంది. చెత్త మోసే బండి బుధవారం వస్తుందని మట్టలన్నీ గట్టు చివర కుప్ప వేశారు. ఇల్లు బోసిగా, శుభ్రంగా కనిపించింది. హన్మాండ్లు నడుం మీద చేతులు వేసుకుని, తన మంచితనాన్ని తానే మెచ్చుకున్నాడు.

మంగళవారం పదింటికి వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. మునిరత్నమ్మ. రాయచోటి మనిషి. పదకొండేళ్ళుగా అబూ నాసర్ ఇంట్లో పని చేస్తోంది. ముసలామెకు చేతికర్రా, మందుల గంటా అన్నీ ఆమే. ఆ ఇంట్లో అందరిలాగే తనూ ముసలామెను మామా, అంటే అమ్మా, అని పిలుస్తుంది. అప్పుడప్పుడూ డ్రైవరు చేత వీళ్ళిద్దరికీ చింతకాయ పచ్చడి పంపుతుంటుంది.

"అన్నా, ఆ బర్షూమిని ఒగ ఫోటో తీసి పంపన్నా. మామా పొద్దన్నించీ నా పానం తీస్తాంది."

"బర్షూమంటే ఏంది చెల్లె?"

"నువ్వు ఇంజనీరు గదన్నా, నన్నడుగుతావేంది? ఎండాకాలంలో రోడ్డు మింద తోలు తీసి అమ్ముతారు గదా, పచ్చటి పండు. పోయినసారి నువ్వు పళ్ళేలకు పళ్ళేలు తినలా? ఆ చెట్టే. ఆ ఇంటి పక్కనే ఉండాదంట. మామా పెండ్లయిన యేడు వాళ్ళాయన గాడిద మింద మట్టలు యేసకచ్చి నాటినాడంట. ఆయన ఇంటికాడ ఉంటే కాపు కొచ్చినప్పుడల్లా మొదటి పండు ఆయనే తోలు తీసి ఈమె చేతిలో పెట్టేవాడంట. దాని పక్కన కుర్చీ యేసుకోని కూకుంటానని చెప్తాంది. ఇంగేం వద్దంట ఆమెకు."

హన్మాండ్లు ఓరగా గట్టు చివరి కుప్ప వైపు చూశాడు. "మట్టలా? ముండ్లుంటయా దానికి?"

"ముండ్లు లేకుండా ఎట్లుంటాయన్నా, అది జెముడు గదా!"

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పరిస్థితిలో కూడా నాలుక తన పని తాను చేసుకుపోయింది. "ఫోటో తీద్దును గని చెల్లె, నా ఫోను కెమెరా ఖరాబైంది."

"అట్లనా? మరి నీ మొగం నాకు తెల్లంగా కనపడతాండాదే" అంది మునిరత్నమ్మ. ఆమె కళ్ళు ఫోనుకు దగ్గరగా వచ్చాయి. "అన్నా, నీ యెనకాల ఆ కుప్ప ఏందన్నా?"

లింబాద్రి ఫోను వంక చూశాడు, కుప్ప వంక చూశాడు, మళ్ళీ ఫోను వంక చూశాడు. పంగల కర్ర వదిలేసి నేల మీద చతికిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అబూ నాసర్ బొటనవేలు హన్మాండ్లు కళ్ళ ముందు ఆడుతూ ఆడుతూ దూరంగా వెళ్ళిపోతోంది. మొదటి వరుసలో ఒక ఖాళీ కుర్చీ కనిపించింది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మునిరత్నమ్మ గొంతు తగ్గించింది. "సచ్చినాం పో. నేను శుక్రారం దాకా మామాను మాటల్లో పెడతా. ఏం చేస్తావో చెయ్. కానీ ఊరు పోయొచ్చేటప్పుడు నాకు మీ దిక్కు పసుపు కొమ్ములు రెండు కిలోలు తేవల్ల."

"నాలుగు తెత్త చెల్లె!"

ఫోను పెట్టేశాక హన్మాండ్లు కుప్ప దగ్గరికి నడిచి ఒక మట్టను కాలితో తిప్పాడు. కోసిన చోట మూడు రోజుల ఎండకు పొర కట్టి గట్టిపడింది, మట్ట మాత్రం పచ్చగానే ఉంది. మొక్కల గురించి అతనికి నిజంగా తెలిసిన విషయం జీవితంలో ఒక్కటే ఉంది, అది అప్పుడే గుర్తొచ్చింది.

"అరే లింబాద్రీ, మన దిక్కు జెముడును పెరికి దడి అవతల పారేస్తే ఏమైతది?"

"అవతల్నే మొలుస్తది."

"మరింకేంది? ఇవతల పారేద్దాం పట్టు!"

అదిగో, అలా మొదలైంది. మిగిలిన కంప కొట్టడం ఒక పూట, జెముడు నిలబెట్టడం ఒక పూట. ఉన్న చోటే వరుసగా గాడి తవ్వారు. మొదలు భాగాలను అడుగు లోతున పాతి, చుట్టూ రాళ్ళు దట్టించి, కొట్టేసిన కంప నుంచే గుంజలు చెక్కి ఆనించారు. పెద్ద కొమ్మలైతే నిలబడ్డాయి గానీ, విడిపోయిన మట్టల్ని ఒకదాని నెత్తిన ఒకటి ఎలా నిలబెట్టాలి? ఆ విద్య లింబాద్రి చూపించాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి మోదుగాకు విస్తళ్ళు కుట్టినవాడు. వెదురు కర్ర ఒకటి చీల్చి సన్నటి పుల్లలు చేసి, విస్తరాకు కుట్టినట్టే మట్టకు మట్టను కుట్టేశాడు. దూరం నుంచి చూస్తే చెట్టు. దగ్గరికి వెళ్తే బంతి భోజనానికి సిద్ధమైన జెముడు.

చేతి తొడుగులు మొదటి పూటే చిరిగిపోయాయి. జెముడుకు కనిపించే ముల్లుతో పేచీ లేదు, పీకి పారేయొచ్చు. కనిపించని నూగు ముల్లు ఉంటుంది చూశారూ, దాని దుంప తెగ, చర్మంలో దిగిందంటే కంటికి కనబడదు, చేతికి అందదు. గురువారం సాయంత్రానికి హన్మాండ్లు అరచేతుల నిండా అదే. అన్నం ముద్ద పట్టుకుంటే చురుక్కు. చొక్కా గుండీ పెట్టుకుంటే చురుక్కు.

శుక్రవారం నమాజు అయ్యాక కారు వచ్చింది. ముందు అబూ నాసర్ దిగాడు, వెనక మునిరత్నమ్మ చెయ్యి పట్టుకుని మామా దిగింది. పొట్టిగా, గట్టిగా, డెబ్భై అయిదు దాటిన మనిషి. కళ్ళు మాత్రం సూది బెజ్జంలో దారం ఎక్కించగల కళ్ళు. తోట చూసి అబూ నాసర్ మొహం విప్పారింది. గట్లు బయటపడ్డాయి, దానిమ్మలు ఊపిరి పీల్చుకుంటున్నాయి, ఇంటి పక్కన బర్షూమి బారులు తీరి ఉంది.

"శభాష్ ముహందిస్! బర్షూమి మునుపటికంటే తిన్నగా ఉందే!" అంటూ జేబులోంచి ఫోను తీశాడు.

"ఆగు. ముందు నేను చూడాలి" అంది మామా. ఫోను మళ్ళీ జేబులోకి పోయింది.

ఆమె కోరినట్టే బర్షూమి పక్కన కుర్చీ వేశారు. అబూ నాసర్ మాంసం కాల్చడానికి బొగ్గులు రాజేస్తానని ఇంటి వెనక్కి వెళ్ళాడు. మామా ఆ వరుస వంక చూస్తూ కూర్చుంది. ఇంతలో కొండ గాలి ఒకటి వీచింది. టప్ మని ఆమె కుర్చీ వెనక ఒక మట్ట ఊడిపడింది. లింబాద్రి మెరుపులా వెళ్ళి దాని మీద కాలు వేసి నిలబడ్డాడు. ఎటొచ్చీ అతని కాలికి ఉన్నవి రబ్బరు చెప్పులు. మొహం మీద నవ్వు అలాగే బిగుసుకుపోయింది, కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

మామా హన్మాండ్లు వైపు తిరిగి గావా, అదే అరబ్బు కాఫీ, పోయమంది. చిన్న కప్పును వేళ్ళతో పట్టలేక రెండు మణికట్ల మధ్య ఇరికించి అందించబోయాడు. ఆమె కప్పు తీసుకోలేదు. అతని చెయ్యి తీసుకుని, అరచేతిని ఎండకు తిప్పి చూసింది. ఆమె అరబ్బీలో నింపాదిగా అన్నదాన్ని మునిరత్నమ్మ మాటలు మింగుతూ మింగుతూ చెప్పింది.

"కంప ముల్లయితే గీరుతాదంట, గుచ్చుతాదంటన్నా. నూగు ఇట్ల దిగల్లంటే బర్షూమిని కరుచుకోనుండల్లంట. ఎందుకు కరుచుకున్నావని అడగతాంది."

అబద్ధం నాలుక చివర దాకా వచ్చేసింది. ఎప్పటిలాగే మంచి నున్నటి అబద్ధం. కానీ మామా అప్పటికే పక్కనున్న మట్టను మెల్లగా పట్టి లాగింది. అది ఆమె చేతిలోకి వచ్చేసింది, రెండు వెదురు పుల్లలతో సహా. ఆమె ఒక పుల్లను పీకి, హన్మాండ్లు మొహం ముందు పెట్టింది.

ఇక దాచేదేముంది? హన్మాండ్లు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మా ఊళ్ళో ఇంటి దగ్గర జెముడుంటే అశుభం, నువ్వు చూసి బాధపడతావని ముందుగా అదే కొట్టేశాను, నీ భర్త చేతి మొక్క అని తెలియదు, తప్పయింది తల్లీ అన్నాడు.

మామా మట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గట్టిగా ఒక్క మాట అంది.

"వేళ్ళు పట్టే దాకా నువ్వు ఎక్కడికీ కదలకూడదు. మూడు నెలలు. కొట్టిన చెయ్యే బతికించాలి."

హన్మాండ్లు నిలువునా నీరుగారిపోయాడు. మునిరత్నమ్మ ఊరుకోలేక సోమవారం సంగతీ, సర్పంచ్ సంగతీ మామాకు చెప్తుండగానే అతని జేబులో ఫోను మోగింది. గౌరవ్వ. ఛుట్టీ ఏమైందో కనుక్కోవడానికి ఆ వేళకు చేస్తానంది. అతను ఎత్తకుండా తటపటాయిస్తుంటే మామా చెయ్యి చాచింది. ఫోను ఆమె చేతిలోకి పోయింది. తెర మీద ముదురాకుపచ్చ చీరలో గౌరవ్వ.

"ఎవరీమె? ఆ ఊరి పెద్దా?" అంది మామా.

మునిరత్నమ్మ మధ్యలో కూర్చుంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు. జరిగిందంతా విని గౌరవ్వ ఒకసారి మొగుడి వంక చూసింది. ఆ చూపు మెట్‌పల్లి నుంచి తాయిఫ్ దాకా ఏమాత్రం వాడి తగ్గకుండా వచ్చింది.

"నేను కుర్సీ మీద కూసోకముందే నా మొగని పంచాదే నా ముంగటికొచ్చిందా? మంచిది. చెల్లె, ఆ తోట ఎవలి పేరు మీదున్నదో అడుగు."

"నా పేరు మీద" అంది మామా.

"అట్లయితే తప్పు అసలు ఆసామి ముంగటనే ఒప్పుకున్నడు. కొడుకుకు చెప్పే పని లేదు. గదొకటి అయిపోయింది."

మామా కళ్ళలో చిన్న నవ్వు మెరిసింది. ఇంటి వెనక బొగ్గుల పొగ వైపు ఒకసారి చూసి, ఒప్పుకున్నట్టు తల ఊపింది.

"ఇగ శిక్ష. పెద్దమ్మా, నీ జెముడు మూడు నెలల్ల ఏర్లు పట్టుకుంటది. నా మొగడు పందొమ్మిదేండ్ల సంది ఏడ ఏరు పట్టలే. ఆడ లేడు, ఈడ లేడు. రెండు నెలలు ఛుట్టీ అన్నరు గదా. అండ్ల నలభై రోజులు నీ జెముడుకే ఇడిసిపెడుత. ఇరవై రోజులు నాకు బదులియ్యి. ఇరవై ఒకటో నాడు తెచ్చి నీ జెముడు కాడ నిలవెడుత. ఇది సర్పంచ్ మాట."

బదులు అన్న మాటను అరబ్బీలో ఎలా చెప్పాలో మునిరత్నమ్మకు వెంటనే తోచలేదు. పొరుగింటికి వెళ్ళి గిన్నెడు ఉప్పు అడిగి తెచ్చుకున్నట్టు, తన మొగుడిని ఇరవై రోజులకు అడుగుతోందని చెప్పింది. అది వినగానే మామా భుజాలు కుదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి, తల మీది ముసుగు కొసతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఒత్తుకోవడం అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు సాగింది.

"మా ఆయన ఈ మట్టలు నాటిన ఏడే ఖోబర్ దిక్కున చమురు పనికి పోయాడు. ఎనిమిదేళ్ళు" అంది. "ఆ ఎనిమిదేళ్ళూ నేను దీనితోనే మాట్లాడాను. నేనూ బదులిచ్చిన దాన్నే, తల్లీ. తీసుకో. ఇరవై రోజులు."

నలభై రోజులు ఇంటి అన్నం పోయిందని హన్మాండ్లుకు బాధ లేకపోలేదు. కానీ సోమవారం మిగిలింది. అతను తల వంచుకుని, చురుక్కుమంటున్న చేతుల్తోనే మామాకు దండం పెట్టాడు.

అబూ నాసర్ చేతులకు మసితో తిరిగొచ్చాడు. "నొక్కు. ఇరవై రోజులు" అంది మామా.

"ఇతను అరవై అడిగాడమ్మా!"

"ఇరవై. నా బర్షూమికి ఇతను కావాలి. అంత తిన్నగా పెంచేవాడు మళ్ళీ దొరకడు" అని ఆమె గావా కప్పులోకి నవ్వుకుంది. అబూ నాసర్ మసి బొటనవేలు తుడుచుకుని నొక్కాడు. హన్మాండ్లు ఫోను టింగుమంది. అప్పుడు గానీ లింబాద్రి కాలు మట్ట మీద నుంచి తీయలేదు.

సోమవారం పదకొండింటికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా. హన్మాండ్లు పొద్దున బస్సు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరుసలో మధ్య కుర్చీ పట్టుకున్నాడు. మైకు పట్టుకున్న కార్యదర్శి అలవాటు కొద్దీ, "సర్పంచ్ గారి భర్త కూడా స్టేజీ మీదికి రావాలె" అని పిలిచాడు. గౌరవ్వ పైనుంచి చూసింది. హన్మాండ్లు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"నా డ్యూటీ ఈడనే సార్" అన్నాడు. జనం గొల్లున నవ్వారు.

గౌరవ్వ కాగితం తీసి, గొంతు సవరించుకుని, "గౌరవ్వ అను నేను" అని మొదలుపెట్టింది. ఆ గొంతు ఫోనులోంచి కాకుండా గాలిలోంచి నేరుగా వచ్చి చెవిని తాకుతుంటే అతనికి ఒళ్ళు జలదరించింది. ఒక్క అక్షరం తడబడకుండా చదివి, ఆమె అతని వైపు చూసింది. హన్మాండ్లు చప్పట్లు మొదలుపెట్టాడు. మొదటి చప్పట్లకే అరచేతుల్లో మిగిలిపోయిన నూగు ముల్లు చురుక్కుమని లోపలికి దిగింది. ఆపలేదు. రెండోది, మూడోది, పదోది. అందరూ ఆపేశాక కూడా ఇంకా కొట్టాడు. బుగ్గల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి.

పక్క కుర్చీలో ఉన్న ముత్యవ్వ, గౌరవ్వకు పెద్దమ్మ వరుస, అతని భుజం తట్టింది. "ఏంది బిడ్డా, ఏడుస్తున్నవా?"

"లేదత్తా, చేతుల ముల్లున్నది" అన్నాడు హన్మాండ్లు.

జన్మలో అంత నిజం అతను ఎన్నడూ చెప్పి ఉండడు. ఆ షామియానా కింద ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది, ఎందుకంటే అది కూడా సగమే నిజం.